ఐదు పెట్టలు, ఇరవై ఒక్క రోజులు

నలుగురున్న ఇంటికి ఏడాదికి 720 గుడ్లు కావాలి. మనిషికి ఏడాదికి 180 గుడ్లు తినాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఎన్నాళ్లుగానో చెబుతోంది. దేశంలో 2023-24లో ఉత్పత్తయిన గుడ్లన్నిటినీ జనాభాకి పంచితే తలకి 103 వచ్చాయి. ఆ లోటు ఇంట్లోనే పూడ్చుకుందామనో, నాటుగుడ్డు రుచి మరిచిపోలేకనో, విశాఖలో కాస్త పెరడున్నవాళ్లు నాలుగు కోళ్లు పెంచుదామనుకుంటారు. పాతనగరంలో ఏది కొనాలన్నా కాళ్లు అలవాటుగా పూర్ణా మార్కెట్ వైపే నడుస్తాయి. సంచి పట్టుకుని బయల్దేరేముందు కొన్ని లెక్కలు చూసుకోవాలి.

ముందు, ఎన్ని కోళ్లు? నాటుపెట్ట ఏడాదికి మూడు నాలుగు విడతలు పెడుతుంది, విడతకి పన్నెండో పదిహేనో పెట్టి పొదుగుకి కూర్చుంటుంది. మొత్తం మీద 50, 60 గుడ్లు. ఆ లెక్కన 720కి డజను పెట్టలు కావాలి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన గ్రామప్రియ రకం 160 నుంచి 180 దాకా పెడుతుంది. అదే సంస్థ ఇచ్చిన వనరాజా 100, 110 పెడుతుంది కానీ ఒళ్లు బాగా చేస్తుంది, కూరకీ పనికొస్తుంది. గ్రామప్రియకి ఒక లోటుంది, పొదగదు. అందుకని నా ఓటు నాలుగు గ్రామప్రియ పెట్టలకీ, తోడుగా ఒక నాటుపెట్టకీ. 720కి అటూ ఇటూగా గుడ్లు వస్తాయి, పిల్లలు చేయడానికి తల్లీ ఉంటుంది. పుంజు అక్కర్లేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, కాకపోతే అది పిల్లవదు. పిల్లలు కావాలనుకున్నప్పుడు పుంజున్న ఇంటి నుంచి పది గుడ్లు తెచ్చి నాటుపెట్ట కింద పెడితే సరి. వీధిలో మేడ మీద మేడ ఉన్న చోట తెల్లవారకముందే కూసే పుంజు వల్ల పక్కింటివాళ్లతో పేచీ తప్ప లాభం లేదు.

ఇక తిండి. పల్లెలో కోడి తిరిగి తిని వస్తుంది, సాయంత్రం గుప్పెడు నూకలు విసిరితే చాలు. ప్రహరీ లోపల ఆ వీలుండదు. గుడ్లు పెట్టే కోడికి రోజుకి 120 గ్రాముల దాణా వేసుకుంటే ఐదింటికి 600 గ్రాములు, ఏడాదికి 219 కిలోలు. దాన్ని 720తో భాగిస్తే గుడ్డుకి 300 గ్రాముల పైమాటే. ఫారంలో కోడి ఏడాదికి 40 కిలోలు తిని 300కి పైగా గుడ్లు పెడుతుంది, అంటే గుడ్డుకి 130 గ్రాములు. మీ కొట్లో దాణా ధర ఎంతైనా సరే, కొని మేపితే మీ గుడ్డు ఖర్చు ఫారం గుడ్డుకి రెట్టింపు దాటుతుంది. డబ్బు మిగులుతుందని ఆశపడి ఈ పనిలోకి దిగకండి.

మార్కెట్లో కూరగాయలవాళ్లు కోసి పారేసే క్యాబేజీ పైరేకులు, కాలీఫ్లవర్ ఆకులు ఉన్నాయి కదా అంటారు. తేవచ్చు, కడిగి వేయవచ్చు. కానీ క్యాబేజీలో నూటికి 92 పాళ్లు నీరే. అరకిలో ఆకు వేస్తే కోడికి దక్కే సారం 40 గ్రాములు. ఆకుకూర సొన రంగు పెంచుతుంది, దాణాకి బదులు కాదు. గుడ్డు పెంకుకి మాత్రం సుమారు రెండు గ్రాముల కాల్షియం కావాలి. అది తిండిలో అందకపోతే కోడి తన ఎముకల్లోంచి తీసి ఇస్తుంది. ఆల్చిప్పలు దంచి ఒక చిప్పలో విడిగా పెడితే కావలసినంత అదే ఏరుకుంటుంది. సముద్రం ఒడ్డున ఉంటూ ఆల్చిప్పలకి కరువేమిటి!

పెరటి కోడి గుడ్లు తక్కువే పెడుతుందని దేశం లెక్క కూడా చెబుతుంది. 2019 పశుగణనలో మొత్తం కోళ్లు 85.18 కోట్లు, అందులో పెరటి కోళ్లు 31.7 కోట్లు. ఏడేళ్లలో పెరటి కోళ్లు 45 శాతానికి పైగా పెరిగాయి. సంఖ్యలో 37 శాతం ఉన్న ఈ కోళ్ల నుంచి 2022-23లో వచ్చిన గుడ్లు మాత్రం 14.6 శాతమే. నాటుకోడి తక్కువ పెట్టడం ఒక కారణం, లెక్కలో పుంజులూ పిల్లలూ కలవడం ఇంకొకటి.

కోళ్ల కాపలా అనగానే అందరికీ ముంగిస, పిల్లి, గద్ద గుర్తొస్తాయి. వాటి సంగతి తేలిక. అంగుళం కన్నున్న వల కోడిని లోపల ఉంచుతుందే తప్ప పందికొక్కునీ ముంగిసనీ బయట ఆపదు. అరంగుళం కన్నున్న వెల్డెడ్ మెష్ కావాలి. గూడు నేలకి అడుగున్నర ఎత్తులో ఉండాలి, తలుపుకి గడియ ఉండాలి, పొద్దుగూకగానే వేయాలి. అంతే.

అసలు భయం సంచిలో వస్తుంది. నానా ఊళ్ల కోళ్లు ఒక గంపలో చేరే చోటు సంత. కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్, సోకిన కోడి మామూలుగా ఐదారు రోజుల దాకా ఏమీ ఎరగనట్టే ఉంటుంది. ఒక్కోసారి రెండు వారాలకి గానీ బయటపడదు. ఆదివారం కొన్న కోడి శుక్రవారానికి ముడుచుకుని, నోరు తెరిచి ఊపిరి లాగుతూ, పచ్చగా పారుతుంది, మెడ తిరిగిపోతుంది. టీకా లేని మందలోకి ఉధృతమైన రకం వస్తే పదింటిలో తొమ్మిది, ఒక్కోసారి పదీ పోతాయి. అందుకే కొత్త కోడిని కనీసం 21 రోజులు వేరుగా ఉంచాలి. పొదుగుకీ 21 రోజులే కాబట్టి గుర్తుంచుకోవడం తేలిక. వేరుగా అంటే అదే గూట్లో చెక్క అడ్డం పెట్టడం కాదు. ఇంటికి అటువైపు, వేరే నీళ్ల గిన్నెతో. పాత కోళ్లకి మేత వేశాకే కొత్తదాని దగ్గరికి వెళ్లాలి. బజారుకి వేసుకెళ్లిన చెప్పులతో గూటి దగ్గరికి పోకూడదు, బజారు సంచీ గంపా గూటి దరిదాపుల్లో ఉండకూడదు. కొన్న చికెన్ కడిగిన నీళ్లు, తోలు, పేగులు కోళ్లకి వేయనే కూడదు.

రాణిఖేత్ టీకా దగ్గర చిన్న మందకి ఒక చిక్కుంది. పిల్లకి ఏడో రోజున లసోటా కంట్లో చుక్క, 28వ రోజున మళ్లీ, ఎనిమిదో వారంలో ఆర్2బి సూది రెక్క కింద అర మిల్లీలీటరు. ఆర్2బి సీసా సాధారణంగా 100 కోళ్లకి సరిపడా వస్తుంది, 50 మిల్లీలీటర్లలో కలపాలి. కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి, అప్పటిదాకా ఐసులో ఉండాలి. ఐదు కోళ్లున్నవాడు 95 మోతాదులు పారబోయాలి, లేదా మానెయ్యాలి. చాలామంది మానేస్తారు. వీధిలో, పక్క వీధిలో కోళ్లున్నవాళ్లంతా ఒక ఉదయం పశువైద్యశాలలో కలుసుకుంటే ఆ సీసా అందరికీ సరిపోతుంది. గుడ్లు పెడుతున్న కోడికి ఆర్2బి వేయించేముందు మాత్రం డాక్టర్ని అడగాలి.

బర్డ్ ఫ్లూకి మన దగ్గర పెరట్లో వేసే టీకా లేదు. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులోనూ పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ కోళ్లు చనిపోతే, భోపాల్ ల్యాబ్ ఆ వ్యాధే అని తేల్చింది. చుట్టూ కిలోమీటరు వ్యాధి ప్రాంతం, పది కిలోమీటర్లు నిఘా ప్రాంతం. ఆ కిలోమీటరు లోపల లక్ష కోళ్ల ఫారం, ఐదు కోళ్ల పెరడు ఒకటే, అన్నిటినీ చంపి పూడ్చాల్సిందే. 1997లో హాంకాంగ్‌లో ఇదే వైరస్ 18 మందికి సోకి ఆరుగురు చనిపోయారు. కోళ్లని ప్రాణంతో అమ్మే మార్కెట్లే దాని ఆయువుపట్టని తెలిశాక, అక్కడి ప్రభుత్వం 13 లక్షలకి పైగా పక్షుల్ని చంపించింది, తర్వాత మార్కెట్లకి ఖాళీ రోజులు పెట్టి కడిగించడం మొదలుపెట్టింది. తినేవాళ్లకి భయం లేదు, 70 డిగ్రీలు దాటి ఉడికిన కూరలో ఈ వైరస్ బతకదు. జాగ్రత్త పడాల్సింది పచ్చి మాంసం ముట్టుకునే చేతులూ, జబ్బు కోడిని ఎత్తుకునే పిల్లలూ.

ఒకే రోజు రెండు కోళ్లు ఊరికే చనిపోతే వాటిని గెడ్డలో పారేయకండి, మిగిలినవాటిని హడావిడిగా తీసుకెళ్లి మార్కెట్లో అమ్మేయకండి. బతికున్నవాటిని విడిగా కట్టేసి పశుసంవర్ధక శాఖ 1962 నంబరుకి ఫోన్ చేయండి. దానికి డబ్బులేమీ పడవు.