‘చాలా’ తెచ్చిన చిక్కు

“రామునికంటె కృష్ణుడు చాలా పొడగరి.” ఈ వాక్యమును ఆంగ్లములో చెప్పుమన్నచో తెలుగు విద్యార్థులు పెక్కుమంది ‘వెరీ టాలర్’ అని వ్రాయుదురు. ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో ‘వెరీ’ని కొట్టివేసి, పైన ‘మచ్’ అని దిద్దును. దిద్దుబాటు సరియైనదే, కాని కారణము చెప్పని దిద్దుబాటు ఎంతకాలము నిలుచును? మరునాడు వేరొక వాక్యములో అదే తప్పు మరల తలయెత్తును.

నిజమునకు తప్పు పిల్లవానిది కాదు, ‘చాలా’ది. తెలుగులో ఈ ఒక్క మాట రెండు కొలువులు చేయుచున్నది. ‘చాలా నీళ్లు’ అన్నప్పుడు పరిమాణమును, ‘చాలా తీపి’ అన్నప్పుడు గుణతీవ్రతను తెలుపును. ఆంగ్లము ఈ పనులను రెండు మాటలకు పంచియిచ్చినది: పరిమాణమునకు ‘మచ్’, గుణమునకు ‘వెరీ’.

ఇక ‘టాలర్’ అనునది ఏమి చెప్పుచున్నది? కృష్ణుడు పొడగరి యని కాదు. ఇద్దరును పొట్టివారే కావచ్చును. వారి ఎత్తులకు నడుమ ఎడమున్నదని మాత్రమే దాని భావము. ఎడమునకు కావలసినది కొలత. ‘టూ ఇంచెస్ టాలర్’ అని ఆ కొలతను అంగుళములలో చెప్పవచ్చును. అంగుళములు తెలియనిచో ఆ స్థానముననే ‘మచ్’ను గాని, దూరమును తెలుపు ‘ఫార్’ను గాని, కొంచెమే యైనచో ‘ఎ లిటిల్’ను గాని నిలుపవచ్చును. ‘వెరీ’ కొలతమాట కాదు గనుక దానికచట చోటు లేదు. రాదలచినచో ‘మచ్’ను ఆశ్రయించి ‘వెరీ మచ్ టాలర్’ అని రావలసినదే. నల్లబల్లపై ఎక్కువ తక్కువలుగా రెండు గీతలు గీచి, నడిమి ఎడమును చూపినచో సూత్రము వల్లె వేయించు పనియే యుండదు.

‘ఈవెన్ టాలర్’ దారి వేరు. ఎడమెంతయో అది చెప్పదు. రాముడు పొడగరియే, కృష్ణుడతనిని గూడ మించినాడని సూచించును. తెలుగున ‘ఇంకా పొడుగు’ అనుటలోని ధ్వని ఇదియే. ఇద్దరు పొట్టివారిని పోల్చునపుడు ‘మచ్’ చెల్లును గాని ‘ఈవెన్’ పొసగదు.

సూపర్లెటివ్ డిగ్రీలో ‘వెరీ’కి మరల ప్రవేశము కలదు: ‘ద వెరీ బెస్ట్’. ‘నిజమైన’ అను అర్థముగల ప్రాచీన ఫ్రెంచి పదమునుండి వచ్చిన ఆ మాటకు ఇచట పాతవాసన కొంత మిగిలినది. ‘బై ఫార్ ద బెస్ట్’ అన్నచో కొలతమాట ‘ద’కు ముందు నిలుచును.

‘మోర్ బెటర్’ అన్న పిల్లవానికి నేటి పరీక్షలో మార్కు రాదు. కాని నవ్వువారు కొంచెమాగవలెను. షేక్స్పియర్ కాలమున ఇట్టి జంటరూపములు తప్పు కావు. ‘జూలియస్ సీజర్’లో ఆంటోనీ ప్రసంగముననే ఒకటి కలదు. 1762లో వ్యాకరణము ప్రకటించిన రాబర్ట్ లౌత్ వీనిని ఆక్షేపించెను. అయినను కీర్తనల పాత అనువాదమున దైవమునకు వాడిన ‘మోస్ట్ హైయెస్ట్’ను, క్రైస్తవ మతాచార్యుడు గనుక కాబోలు, మన్నించెను. ‘లెస్సర్’ అట్టి జంటరూపమే, నేటికిని చెల్లుచున్నది. ‘నియరర్’ కథ మరింత వింత: ‘నియర్’ అనునదే పూర్వము ‘నై’ అను మాటకు కంపారెటివ్ రూపము. ఆ సంగతి జనులు మరచిన పిదప దానికి మరియొక ప్రత్యయము తగిలినది.

సంస్కృతమునను ‘శ్రేష్ఠ’ శబ్దమే అతిశయార్థకము. అయినను ‘శ్రేష్ఠతమ’ యజుర్వేదముననే యున్నది. ‘ఉత్తమ’మును మించినది వేరొకటి లేదు. కాని ‘అత్యుత్తమ’ మనక, ‘ఉత్తమోత్తమ’ మనక తెలుగునాట ఏ సన్మానపత్రము ముగిసినది?