మంచు కొండల్లో స్కీయింగ్, ఐస్ క్లైంబింగ్‌కు వెళ్తున్నారా..? ఖరీదైన జాకెట్ కాదు.. ముందు కొనాల్సినవి ఇవే!

చలికాలం వచ్చిందంటే గుల్మార్గ్, మనాలి, ఔలి వైపు పర్యాటకులు క్యూ కడుతుంటారు. సిద్ధం చేసిన స్లోప్‌పై నాలుగు రోజులు స్కీయింగ్ నేర్చుకుని వచ్చేవాళ్లే ఎక్కువ. కొందరు మాత్రం అక్కడితో ఆగరు. లిఫ్టులు, కంచెలు, గస్తీ సిబ్బంది లేని కొండవాలుపైకి సొంతంగా ఎక్కి, అక్కడి నుంచి జారుతూ దిగుతారు. దీన్నే బ్యాక్‌కంట్రీ స్కీయింగ్ అంటారు. స్పితి, లద్దాఖ్‌లలో గడ్డకట్టిన జలపాతాలు ఎక్కే ఐస్ క్లైంబింగ్ కూడా ఇలాంటి సాహసమే. మరి ఈ రెండింటికీ ఏ సామాన్లు కావాలి? ఎంపికలో ఏం చూడాలి? ఆ వివరాలు తెలుసుకుందాం.

అసలు ముప్పు ఎక్కడుంది?

గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి గండోలా రెండో దశ స్కీయర్లను 3,900 మీటర్లకు పైన ఉన్న అఫర్వాత్ కొండపై దింపుతుంది. అక్కడి నుంచి గస్తీ పరిధి దాటి నాలుగడుగులు పక్కకు వెళితే చాలు, బ్యాక్‌కంట్రీలో ఉన్నట్టే. 2023 ఫిబ్రవరి 1న ఈ కొండపైనే మంచు చరియలు విరిగిపడి పోలండ్‌కు చెందిన ఇద్దరు స్కీయర్లు చనిపోయారు. 2024 ఫిబ్రవరి 22న గుల్మార్గ్‌లోనే మరో ఘటనలో రష్యా స్కీయర్ ఒకరు ప్రాణాలు కోల్పోయారు.

మంచు చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే జారుతాయి. స్కీయింగ్‌కు మజా ఇచ్చేది కూడా సరిగ్గా ఆ వాలే. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

ముందు ఆ మూడు.. తర్వాతే మిగతావి

మంచు కింద కూరుకుపోయిన మనిషిని మొదటి 10 నిమిషాల్లో బయటకు తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారని అధ్యయనాలు చెబుతున్నాయి. అరగంట అయ్యేసరికి ఆ అవకాశం మూడో వంతుకు పడిపోతుంది. కింద నుంచి రెస్క్యూ టీమ్ వచ్చేసరికి ఆ సమయం దాటిపోతుంది. కాపాడాల్సింది పక్కనున్న స్నేహితులే. అందుకే ట్రాన్సీవర్, ప్రోబ్, పార.. ఈ మూడూ ప్రతి ఒక్కరి దగ్గర ఉండాల్సిందే.

ట్రాన్సీవర్: ఛాతీకి కట్టుకునే చిన్న రేడియో పరికరం ఇది. నిరంతరం సిగ్నల్ పంపుతుంది. వెతికేటప్పుడు సెర్చ్ మోడ్‌లో పెడితే కూరుకుపోయిన వారి సిగ్నల్ పట్టుకుంటుంది. ఏ కంపెనీదైనా 457 కిలోహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీపైనే పనిచేస్తుంది కాబట్టి బ్రాండ్లు వేరైనా ఇబ్బంది లేదు. కొనేటప్పుడు మూడు యాంటెన్నాలు ఉన్న డిజిటల్ మోడల్ చూసుకోవాలి. సెల్‌ఫోన్‌ను దానికి కనీసం 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరంగా ఉంచాలి. లేదంటే సిగ్నల్ దెబ్బతింటుంది.

ప్రోబ్: మడత విప్పితే పొడవైన కడ్డీలా మారుతుంది. మనిషి ఎంత లోతులో ఉన్నాడో మంచులో గుచ్చి చూడటానికి ఇదే ఆధారం. కనీసం 240 సెంటీమీటర్ల పొడవు ఉండాలి.

పార: ప్లాస్టిక్‌ది వద్దే వద్దు. జారిపడిన మంచు కాసేపట్లోనే రాయిలా గట్టిపడుతుంది. మీటరు లోతులో ఉన్న మనిషిని తీయాలంటే టన్నుకు పైగా మంచు తోడాల్సి రావచ్చు. అందుకే అల్యూమినియం పారే తీసుకోవాలి.

ఇక్కడ ఓ విషయం గమనించాలి. మీ పార మీకు పనికిరాదు, పక్కవాడికి పనికొస్తుంది. మిమ్మల్ని తవ్వి తీసేది పక్కవాడి పారే. బృందంలో ఒక్కరి దగ్గర ఈ మూడూ లేకపోయినా అందరికీ ముప్పే.

ఎయిర్‌బ్యాగ్ ఉంటే చాలా?

హ్యాండిల్ లాగితే ఉబ్బే ఎయిర్‌బ్యాగ్ బ్యాక్‌ప్యాక్‌లు మార్కెట్లో ఉన్నాయి. బియ్యం జల్లెడ కదిపితే పెద్ద గింజలు పైకి తేలినట్టే, ఉబ్బిన బ్యాగ్ మనిషిని మంచు పైభాగాన ఉంచుతుంది. ప్రాణాపాయం తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. చెట్లకో బండలకో కొట్టుకుంటే బ్యాగ్ చేసేదేమీ లేదు. గ్యాస్ సిలిండర్ ఉన్న బ్యాగ్‌తో విమానం ఎక్కాలంటే ముందుగా ఎయిర్‌లైన్స్ అనుమతి తీసుకోవాలి.

కొన్ని జాకెట్లలో ఉండే రెక్కో రిఫ్లెక్టర్‌ను చూసి ట్రాన్సీవర్ అక్కర్లేదనుకుంటే పొరపాటే. దాన్ని పసిగట్టే యంత్రం రెస్క్యూ టీమ్ దగ్గరే ఉంటుంది, స్నేహితుల దగ్గర ఉండదు.

స్కీల కంటే ముందు బూట్లు

స్కీలు కాస్త అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. బూటు కరిస్తే మాత్రం అడుగు ముందుకు పడదు. కాబట్టి బడ్జెట్‌లో మొదటి వాటా బూట్లకే. నడిచేటప్పుడు చీలమండ వదులుగా కదిలేలా, దిగేటప్పుడు బిగించేలా వాక్ మోడ్ ఉన్న టూరింగ్ బూట్లు తీసుకోవాలి. పిన్ బైండింగ్ వాడాలంటే బూటుకు ముందు, వెనక లోహపు గుంతలు ఉండాలి. మామూలు రిసార్ట్ బూట్లు చాలావరకు వీటికి సరిపడవు.

ఎక్కేటప్పుడు స్కీల అడుగున స్కిన్స్ అంటించుకుంటారు. వీటి నూగు ముందుకు జారనిస్తుంది, వెనక్కు జారకుండా పట్టుకుంటుంది. మోహైర్‌వి తేలిగ్గా జారుతాయి, నైలాన్‌వి ఎక్కువ కాలం మన్నుతాయి. గుల్మార్గ్ లాంటి మెత్తటి, లోతైన మంచుకు నడుమ 100 మిల్లీమీటర్లకు పైగా వెడల్పున్న స్కీలు నప్పుతాయి. గట్టి మంచుపై ఎక్కువ దూరం నడవాలంటే సన్నవే నయం.

ఐస్ క్లైంబింగ్‌కు ఏం కావాలి?

నిట్టనిలువు మంచుపై రెండు ఐస్ టూల్స్ కావాలి. నిటారు పిడి ఉన్న మామూలు ఐస్ యాక్స్ ఇక్కడ చాలదు. వంపు తిరిగిన పిడితో, టెక్నికల్ రేటింగ్‌ను సూచించే 'టీ' లేదా '2' గుర్తు ఉన్నవి ఎంచుకోవాలి. క్రాంపాన్లు స్టీలువే ఉండాలి. అల్యూమినియంవి తేలికే కానీ గట్టి మంచుపై, రాతిపై త్వరగా అరిగిపోతాయి. బూట్లను బీ0 నుంచి బీ3 వరకు, క్రాంపాన్లను సీ1 నుంచి సీ3 వరకు వర్గీకరిస్తారు. నిలువు మంచుకు వంగని అడుగున్న బీ3 బూటు, సీ3 క్రాంపాన్ జోడీ సరైనది. మెత్తటి బూటుకు గట్టి క్రాంపాన్ బిగిస్తే ఊడిపోయే ప్రమాదం ఉంది.

ఐస్ స్క్రూలలో 13, 16 సెంటీమీటర్లవి ఎక్కువగా వాడతారు. పలుచని మంచుకు 10, మంచులోనే రంధ్రం చేసి తాడు దూర్చే యాంకర్‌కు 22 సెంటీమీటర్లవి ఉంచుకుంటారు. తాడు తడిస్తే బరువెక్కి, గడ్డకట్టి బిర్రబిగుస్తుంది. అందుకే డ్రై ట్రీట్‌మెంట్ చేసిన డైనమిక్ తాడే కొనాలి. పైనుంచి మంచు పెచ్చులు రాలుతుంటాయి కాబట్టి హెల్మెట్ తప్పనిసరి. స్కీ హెల్మెట్‌కు ఈఎన్ 1077, పర్వతారోహణ హెల్మెట్‌కు ఈఎన్ 12492 ప్రమాణాలు వేర్వేరు. రెండు గుర్తులూ ఉన్నది దొరికితే ఒక్కటి చాలు.

అద్దెకా? కొనాలా?

మొదటిసారి వెళ్లేవారు స్కీలు, బూట్లు, ఐస్ టూల్స్ అద్దెకు తీసుకోవడమే మేలు. ట్రాన్సీవర్ అద్దెకు తీసుకుంటే దుకాణంలోనే ఆన్ చేసి, బ్యాటరీ చూసి, మరో పరికరంతో సిగ్నల్ పరీక్షించాకే బయటకు రావాలి. తాడు, హార్నెస్ లాంటివి మాత్రం సెకండ్ హ్యాండ్‌లో కొనొద్దు. వాటి చరిత్ర పైకి కనిపించదు.

దుస్తుల్లో కాటన్ పనికిరాదు. చెమటకు తడిస్తే ఆరదు, ఒంట్లో వేడి లాగేస్తుంది. లోపల ఉన్ని లేదా పాలిస్టర్, మధ్యలో వెచ్చటి పొర, పైన గాలి, తడి ఆపే పొర ఉండాలి. గ్లౌజులు రెండు మూడు జతలు పెట్టుకోవాలి.

సామాను కొంటే సగం పనే

ట్రాన్సీవర్ కొని వాడటం రాకపోతే అది ఛాతీకి కట్టుకున్న డబ్బా మాత్రమే. అది పాతిపెట్టి వెతకడం బయల్దేరే ముందే పదిసార్లు సాధన చేయాలి. ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్, డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, పహల్గామ్, మనాలిలోని ప్రభుత్వ సంస్థలు పర్వతారోహణలో శిక్షణ ఇస్తున్నాయి. మంచు చరియల ముప్పుపై రక్షణ శాఖకు చెందిన డీజీఆర్ఈ శీతాకాలంలో బులెటిన్లు విడుదల చేస్తుంది. బయల్దేరే రోజు ఉదయం ఆ బులెటిన్ చూడటం, స్థానిక గైడ్ మాట వినడం తప్పనిసరి. గైడ్ 'ఈరోజు వద్దు' అంటే వెనక్కి తిరగాల్సిందే. ఎంత ఖరీదైన సామాను ఉన్నా ఆ మాటకు ప్రత్యామ్నాయం లేదు.