వాన పడని ఎత్తు నేలలో వైన్ ద్రాక్ష ఎలా పండుతుంది?

కరువు సీమ అనిపించుకున్న అనంతపురంలోనే ఏటా సగటున 550 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. అర్జెంటీనాలోని మెండోసాలో 200కు అటూ ఇటూ. అయినా ఆ దేశపు వైన్‌లో మూడింట రెండు వంతులకు పైగా అక్కడిదే. ఎలా?

వాన లేకపోవడానికి కారణం పక్కనే ఉన్న ఆండీస్ పర్వతాలు. పసిఫిక్ నుంచి వచ్చే తేమ గాలులు చిలీ వైపు కొండలెక్కుతూ ఉన్న తడంతా అక్కడే వదిలేస్తాయి. ఇవతలికి దిగేది పొడిగాలి. అయితే శిఖరాల మీద పేరుకున్న మంచు ఎండలు ముదిరే కొద్దీ కరిగి మెండోసా, తునుయాన్ నదుల్లోకి దిగుతుంది, సరిగ్గా తీగకు నీళ్లు కావలసిన నెలల్లో. ఆ నీటిని మళ్లించే కాలువలను స్పెయిన్ వాళ్లు రాకముందే వార్పే తెగవాళ్లు తవ్వడం మొదలుపెట్టారు. మెండోసా నగరంలో ఇప్పటికీ రోడ్ల పక్కన చెట్ల వరస వెంబడి పిల్లకాలువలుంటాయి. చూసుకోకుండా నడిస్తే కాలు అందులోనే. తోటలకు నీళ్లు వంతుల వారీగా వస్తాయి, మన చెరువు కింద నీరుగంటి వదిలినట్టు.

వాన లేకపోతే నష్టం కాదా? వైన్ ద్రాక్షకు లాభమే ఎక్కువ. ఆకు మీద తడి నిలిస్తే బూజు తెగులు పడుతుంది. ద్రాక్ష వేసిన మన రైతులకు ఆ బాధ వేరే చెప్పనక్కర్లేదు. మెండోసాలో ఆకు ఆరే ఉంటుంది. అంతకంటే ముఖ్యం, నీటి మీద అదుపు రైతుదే. అదను చూసి నీళ్లు తగ్గిస్తే తీగ కొత్త చిగుళ్లు వేయడం మానేస్తుంది, కాయ చిన్నదిగానే ఉండిపోతుంది. తినడానికి మనం లావు కాయ వెతుక్కుంటాం కానీ, ఎర్ర వైన్‌కు రంగూ వగరూ ఎక్కువగా తొక్కలోంచే దిగాలి. కాయ చిన్నదైతే రసంతో పోలిస్తే తొక్క ఎక్కువ.

ఇక ఎత్తు ఎందుకు? వెయ్యి మీటర్లు పైకెక్కితే సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. మెండోసాలోని ఊకో లోయ తోటలు 900 నుంచి 1,500 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. పగటి ఎండకు కాయలో చక్కెర చేరుతుంది, రాత్రి చలికి పులుపు తొందరగా తరిగిపోదు. రాత్రులు వెచ్చగా ఉంటే తీపి మిగిలి, పులుపు పోయి వైన్ చప్పబడుతుంది. పైగా ఆ ఎత్తున అతినీలలోహిత కిరణాలు ఎక్కువ. వాటిని తట్టుకోవడానికి తొక్కలో రంగు చిక్కబడుతుంది. ఫ్రాన్స్ నుంచి 1853 ప్రాంతంలో వచ్చిన మాల్బెక్ ద్రాక్ష రకం ఇక్కడ అంత పేరు తెచ్చుకోవడానికి ఇదొక కారణం.

బెడద లేకపోలేదు. వేసవిలో వడగళ్లు పడితే గుత్తులు చితికిపోతాయని తోటలకు వలలు కడతారు. 2010 తర్వాత చాలా ఏళ్లు ఆండీస్‌లో మంచే తగ్గింది.

హార్స్‌లీ కొండ కూడా 1,200 మీటర్లు దాటుతుంది, అక్కడ వేస్తే పోలేదా అంటారా? మెండోసాలో చలికాలానికి తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది. మన దగ్గర అంత చలి లేదు కాబట్టి తీగ నిద్రపోదు. అందుకే ఏడాదికి రెండుసార్లు కత్తిరించి ఒక్క పంట తీస్తారు. ఎత్తొక్కటే చూసి తోట వేయకండి.