ఈ పిల్లల్ని మీకు అప్పగించలేం

నాజీల అండతో గద్దెనెక్కిన క్విస్లింగ్ ప్రభుత్వం నార్వే బడిపిల్లల్ని తన పార్టీ దళంలో కలుపుకోవాలనుకుంది. ఆ దేశపు పంతుళ్లు కాదన్నారు. 1942 నాటి ఆ తిరస్కారం కథ ఇది.

1942 ఫిబ్రవరి 20న నార్వే నలుమూలల నుంచి విద్యాశాఖకు ఉత్తరాలు బయలుదేరాయి. అన్నింటిలోనూ విషయం ఒకటే, మాటలూ దాదాపు అవే. కింద సంతకం మాత్రం వేరు. ఎవరి పేరు వారు రాశారు, ఎవరి సంతకం వారు పెట్టారు. ప్రభుత్వ పార్టీ యువదళం బాటలో పిల్లల్ని పెంచడం నా మనస్సాక్షికి విరుద్ధం, ఆ పని చేయమనే కొత్త ఉపాధ్యాయ సంఘంలో నన్ను నేను సభ్యుడిగా లెక్కించుకోలేను అన్నదే ఆ ఉత్తరాల సారాంశం. అప్పట్లో దేశంలో ఉన్న టీచర్లు సుమారు పన్నెండు వేలు. వారిలో అత్యధికులు ఈ ఉత్తరం రాశారు.

ఆ మాటలు కూర్చింది రహస్యంగా కలుసుకున్న కొద్దిమంది. వాటిని ఊరూరికీ చేర్చింది నమ్మకస్తులైన మనుషులు. అంతవరకే రహస్యం. జవాబు మాత్రం బాహాటంగా వెళ్లింది, అరెస్టు చేయడానికి ఎవరింటికి రావాలో పోలీసులకు తామే చెప్పినట్టుగా. నార్వే ప్రతిఘటన అనగానే ప్రపంచానికి గుర్తొచ్చేది భారజల కర్మాగారాన్ని పేల్చేసిన సాహసవీరులు. ఆ గౌరవం వాళ్లకు దక్కవలసిందే. అయితే క్విస్లింగ్ కలలుగన్న రాజ్యాన్ని పునాదిలోనే కూల్చింది ఈ బడిపంతుళ్లని నా నమ్మకం.

విద్కున్ క్విస్లింగ్ ఎక్కడినుంచో ఊడిపడినవాడు కాదు. పాస్టరు కొడుకు. సైనిక విద్యలో అసాధారణమైన మార్కులతో పేరు తెచ్చుకున్న అధికారి. 1920ల మొదట్లో ఉక్రెయిన్‌లో కరువు వచ్చినప్పుడు, ధ్రువ యాత్రికుడు, శాంతి నోబెల్ గ్రహీత ఫ్రిజోఫ్ నాన్సెన్ కింద సహాయ కార్యక్రమాల్లో పనిచేశాడు. 1931 నుంచి 1933 దాకా రక్షణ మంత్రిగా ఉన్నాడు. 1933లో ‘జాతీయ ఐక్యత’ అనే అర్థం వచ్చే నశునాల్ సామ్లింగ్ పార్టీ పెట్టాడు. 1933లో, 1936లో రెండు ఎన్నికల్లోనూ ఆ పార్టీకి వచ్చిన ఓట్లు రెండు శాతం అటూ ఇటూ. పార్లమెంటులో ఒక్క సీటూ దక్కలేదు. ఆకలితో చనిపోతున్నవాళ్లకు అన్నం పెట్టే పనిలో నాన్సెన్ పక్కన నిలబడ్డ మనిషి, ఇరవై ఏళ్లు తిరక్కుండానే తన దేశాన్ని ఆక్రమించిన వారికి ఏజెంటయ్యాడు. నార్వే చరిత్రలో ఇంతకన్నా నొప్పి కలిగించే పతనం నాకు కనిపించదు.

1940 ఏప్రిల్ 9న జర్మన్ సైన్యం దిగింది. ఆ సాయంత్రమే క్విస్లింగ్ రేడియోలో తనను తాను ప్రధానిగా ప్రకటించుకున్నాడు. అతణ్ని ప్రధానిగా నియమించమని జర్మన్ రాయబారి ఒత్తిడి తెచ్చినప్పుడు రాజు హాకోన్ 7 ససేమిరా అన్నాడు. ఆ పని మీరు చేయదలిస్తే నేను సింహాసనం వదులుకుంటానని మంత్రులకు చెప్పాడు. మంత్రులు రాజు వెంటే నిలిచారు. రెండు నెలల పోరాటం తర్వాత, జూన్ 7న, రాజు ట్రోమ్సో నుంచి బ్రిటిష్ నౌకలో లండన్‌కు వెళ్లిపోయాడు. ఆ తర్వాత పెత్తనమంతా హిట్లర్ పంపిన పాలకుడు జోసెఫ్ టెర్‌బోవెన్‌ది. సెప్టెంబరు 25న అతడు క్విస్లింగ్ పార్టీ తప్ప మిగతా పార్టీలన్నిటినీ నిషేధించాడు.

పార్టీలు పోయాయి, పార్లమెంటు లేదు. అయినా ప్రజాజీవితం ఆగలేదు, వేరే చోట్లకు మారింది. 1940 డిసెంబరులో ప్రధాన న్యాయమూర్తి పోల్ బెర్గ్‌తో సహా సుప్రీంకోర్టు న్యాయమూర్తులు రాజీనామా చేశారు. ఆటగాళ్లు అధికారిక పోటీలకు వెళ్లడం మానేశారు. విద్యార్థులు కోటు అంచుకు పేపర్ క్లిప్పు తగిలించుకుని తిరిగారు. కాగితాల్ని కలిపి ఉంచే ఆ చిన్న తీగ ముక్కతో, మేమంతా ఒక్కటని చెప్పుకున్నారు. 1941లో వైద్యులు, న్యాయవాదులు, ఉద్యోగుల సంఘాలతో సహా 43 సంస్థలు ఉమ్మడిగా టెర్‌బోవెన్‌కు నిరసన లేఖ రాశాయి. ఆయన వాటి ప్రతినిధుల్ని పార్లమెంటు భవనానికి పిలిపించి, కొందరిని అక్కడికక్కడే అరెస్టు చేయించాడు. కొన్ని సంఘాల్ని రద్దు చేశాడు, మిగతావాటిని తనవాళ్ల చేతుల్లో పెట్టాడు.

ఆ సెప్టెంబరులో ఓస్లో కార్మికులు పాల కోసం సమ్మె చేస్తే కార్మిక నాయకులు విగ్గో హాన్‌స్టీన్, రోల్ఫ్ విక్‌స్ట్రోమ్‌లను కాల్చి చంపారు. కాబట్టి ఫిబ్రవరి ఉత్తరం మీద సంతకం పెట్టిన ప్రతి టీచరుకూ దాని ఖరీదు ఎంతదాకా పోవచ్చో తెలుసు. ఈ సంగతి తెలియకుండా ఆ సంతకాల విలువ అర్థం కాదు.

1942 ఫిబ్రవరి 1న ఓస్లోలోని అకెర్స్‌హుస్ కోటలో క్విస్లింగ్ మంత్రివర్గ అధినేతగా ప్రమాణం చేశాడు. నాలుగు రోజులకే రెండు చట్టాలు తెచ్చాడు. మొదటిది, పదేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లలందరికీ పార్టీ యువదళంలో సేవ తప్పనిసరి. రెండోది, టీచర్లందరూ కొత్త ఉపాధ్యాయ సంఘంలో సభ్యులే, అడిగినా అడగకపోయినా. ఆ సంఘానికి నాయకుడిగా పెట్టింది ఓర్వార్ సేతర్‌ని. అతడు పార్టీ దండు ‘హిర్ద్’కు నాయకత్వం వహించినవాడు. పిల్లల్ని కొట్టేవాళ్ల దండుకు పెద్దగా ఉన్న మనిషిని పంతుళ్లకు పెద్దగా పెట్టారు.

క్విస్లింగ్ టీచర్లతోనే ఎందుకు మొదలుపెట్టాడు? ఎన్నికైన పార్లమెంటు స్థానంలో వృత్తి సంఘాల సభ ఒకటి కట్టాలని అతడి పథకం. ముందు టీచర్ల సంఘం, వెంట మిగతా వృత్తులవి, చివరకు అన్నీ కలిసి ఆ సభ. ఈ క్రమంలో మొదటి మెట్టు టీచర్లు. వాళ్ల ద్వారా పిల్లలూ చేతికొస్తారు. తలుపు తట్టి చూస్తే తెరుచుకునే ఇల్లు ఇదేనని అనుకున్నట్టున్నాడు. జీతం మీద బతికేవాళ్లు, ప్రభుత్వ ఉద్యోగులు, మెతక మనుషులు. ఈ లెక్క తప్పింది.

తప్పడానికి కారణం ఆ టీచర్లు ఏడాదిన్నరగా సిద్ధమవుతూ ఉండడం. పార్టీలో చేరం, బడిలో పార్టీ ప్రచారం చేయం, అధికారం లేనివారి ఆజ్ఞలు వినం, పిల్లల్ని యువదళంలోకి తోయం అని ముందే తమలో తాము తేల్చుకున్నారు. పాత సంఘాలు ప్రభుత్వం చేతుల్లోకి పోయినా, జిల్లాల్లో ఒకరినొకరు ఎరిగిన మనుషులున్నారు. ఓస్లోలో ఐనార్ హోయ్‌గార్డ్, కోరె నూరుమ్ వంటి యువ ఉపాధ్యాయులు వారిని ఒక తాటిమీద నిలిపారు. అందుకే చట్టం వచ్చిన రెండు వారాల్లోనే దేశమంతా ఒకే జవాబు చెప్పగలిగింది.

ప్రభుత్వం కంగుతింది. ఉద్యోగాలు పోతాయని, జీతాలు ఆగుతాయని బెదిరించింది. గడువు పెట్టింది. ఇంధనం కొరత అని చెప్పి నెల రోజులు బడులు మూసేసింది. పత్రికల్లో ఈ గొడవ గురించి ఒక్క ముక్కా రానివ్వలేదు. కానీ మూసిన బడే వార్తను మోసింది. పిల్లలు ఇంట్లో ఉన్నారేమిటని ప్రతి ఇంట్లోనూ అడిగారు, ప్రతి ఇంటికీ కారణం తెలిసింది. అప్పుడు తల్లిదండ్రులు కలం పట్టారు. మా బిడ్డలు ఈ యువదళ సేవలో పాల్గొనడం మాకు ఇష్టం లేదని లక్షకు పైగా ఉత్తరాలు విద్యాశాఖకు వెళ్లాయి. అప్పటి నార్వే జనాభా ముప్ఫై లక్షలే.

చర్చి కూడా అదే నెలలో కదిలింది. ట్రోన్‌హైమ్‌లోని నిడారోస్ కెథడ్రల్‌లో ప్రభుత్వం తనకు నచ్చని డీన్‌ని ప్రార్థన జరపనివ్వకుండా అడ్డుపడ్డ తర్వాత, ఫిబ్రవరి 24న బిషప్పులందరూ ప్రభుత్వ పదవులు వదులుకున్నారు. వారికి పెద్ద ఓస్లో బిషప్ ఐవిన్ బెర్గ్‌గ్రావ్. ఈస్టర్ నాటికి పాస్టర్లలో కూడా అత్యధికులు ఆ దారే పట్టారు. జీతం వదిలారు, గుడి బాధ్యత వదల్లేదు. బెర్గ్‌గ్రావ్‌ని ఓస్లో బయట అడవిలో ఒక చెక్క ఇంట్లో కాపలా పెట్టి మూడేళ్లు ఉంచారు.

మార్చి 20న అరెస్టులు మొదలయ్యాయి. వెయ్యి మందికి పైగా మగ టీచర్లను పట్టుకుపోయారు. వాళ్లంతా నాయకులేమీ కాదు. దొరికినవాళ్లను దొరికినట్టు పట్టి మిగతావాళ్లను భయపెట్టడమే ఉద్దేశం. వారిలో ఆరేడు వందల మందిని లిల్లెహామ్మర్ దగ్గరి యోర్‌స్టాడ్‌మోయెన్ శిబిరానికి తరలించారు. నడివయసు దాటిన లెక్కల మాస్టార్లు, సంగీతం చెప్పేవాళ్లు, పల్లెబడి పంతుళ్లు మంచులో బోర్లా పడి, చేతులు వెనక్కి పెట్టుకుని పాకాలి. లేచి పరుగెత్తాలి, మళ్లీ పడాలి. తిండి చాలీచాలనిది. మధ్యమధ్య ఒక్కొక్కర్నీ పిలిచి, సంతకం వెనక్కి తీసుకుంటే ఇంటికి పొమ్మన్నారు. లొంగినవారు బహు కొద్దిమంది. వారిని తప్పుపట్టే మనసు నాకు రాదు. జబ్బుపడ్డ దేహంతో, ఇంటి దగ్గర ఆగిన జీతంతో ఉన్న మనిషి తలవంచితే అది ద్రోహం అనలేం. ఆశ్చర్యపోవలసింది మిగతా వందల మంది గురించి.

ఏప్రిల్ మధ్యలో సుమారు అయిదు వందల మందిని పశువుల పెట్టెల్లో కుక్కి ట్రోన్‌హైమ్‌కు రైల్లో పంపారు. దారిలో స్టేషన్లలో పిల్లలు నిలబడి పాటలు పాడారు. ట్రోన్‌హైమ్‌లో వారిని షెర్‌స్టాడ్ అనే పాత తీర నౌకలోకి ఎక్కించారు. 1904లో కట్టిన ఆవిరి ఓడ అది. దాని సామర్థ్యానికి రెట్టింపు మందిని నింపారు. ఓడలను జలాంతర్గాములు వెంటాడుతున్న ఆ సముద్రం మీద ఏప్రిల్ 15న బయలుదేరి, నెలాఖరుకు దేశపు ఈశాన్యపు కొస కిర్కెనెస్ చేరారు. సోవియట్ సరిహద్దు పక్కనే, మూర్మాన్స్క్ యుద్ధరంగానికి సరుకులు దిగే రేవు. పైన బాంబుల వర్షం. అక్కడ ఓడల నుంచి సరుకులు దించడం, రోడ్లు వేయడం వీరి పని. పక్క శిబిరంలో సోవియట్ యుద్ధఖైదీలు ఇంతకన్నా ఘోరంగా చస్తూ ఉండడం వారు చూశారు. రాత్రుళ్లు ఒకరికొకరు పాఠాలు చెప్పుకున్నారు, బృందగానాలు పాడుకున్నారు. అందరూ ఇల్లు చేరలేదు.

బయట మిగిలినవాళ్ల పరీక్ష దీనికి తీసిపోదు. తాము ఇంకా సంతకం వెనక్కి తీసుకోకపోతే శిబిరంలో ఉన్న స్నేహితులకు ఏమవుతుందో అన్న భయం రోజూ తినేసింది. అరెస్టయినవారి ఇళ్లకు డబ్బు రహస్యంగా పోగై చేరింది. స్త్రీలను పట్టుకుపోలేదు గానీ తిరస్కారపు బరువులో వాళ్లది సమాన భాగం. బడులు తెరిచాక చాలామంది టీచర్లు మొదటిరోజు తరగతిలో నిలబడి, తాము ఆ సంఘంలో సభ్యులం కాదని, పిల్లలకు చదువుతో పాటు సత్యం మీద, న్యాయం మీద నిలబడడం నేర్పడం తమ పని అని పిల్లల ముందే చదివి వినిపించారు. క్లాసులో నలభై జతల కళ్లు చూస్తుండగా ఆ మాట చెప్పిన టీచరు మర్నాడు దాన్ని మింగేయలేరు. ఈ సంఘటన మొత్తంలో నన్ను ఎక్కువగా కదిలించేది ఇదే.

మే 22న క్విస్లింగ్ స్వయంగా ఓస్లో పక్కనున్న స్టాబెక్ బడికి వెళ్లాడు. చుట్టూ పోలీసులు, హిర్ద్ దళం. అక్కడి టీచర్ల మీద విరుచుకుపడ్డాడు. మీరు నా సర్వం నాశనం చేశారని కేకలేశాడు. అక్కడున్న టీచర్లను అరెస్టు చేయించాడు. అతడు కోపంలో అన్న ఆ మాట అక్షరాలా నిజమైంది. ఉపాధ్యాయ సంఘం పేరుకే మిగిలింది. పిల్లల యువదళం నడవలేదు. వృత్తి సంఘాల సభను ఇక పక్కన పెట్టమని ఆ ఏడాదే జర్మన్ల నుంచి ఆదేశం వచ్చింది. కిర్కెనెస్ నుంచి జబ్బుపడ్డవారు వేసవి చివర, మిగిలినవారు నవంబరుకల్లా వెనక్కి వచ్చారు. ఎవరూ సంఘంలో చేరకుండానే, ఎవరూ క్షమాపణ చెప్పకుండానే బడుల్లోకి తిరిగి వెళ్లారు.

అదే నవంబరు గురించి ఇంకో మాట చెప్పకుండా ఈ కథ ముగించడం అన్యాయం. నవంబరు 26న డొనావు అనే ఓడ ఓస్లో రేవు నుంచి 500 మందికి పైగా యూదుల్ని ఎక్కించుకుని బయలుదేరింది. వారి గమ్యం ఆష్విట్జ్. వారిని ఇళ్లలోంచి తెచ్చినవారిలో నార్వే పోలీసులున్నారు. అంతకు ముందే బిషప్పులు క్విస్లింగ్‌కు నిరసన లేఖ రాశారు. నార్వే యూదుల్లో సగానికి పైగా ఇరుగుపొరుగుల సాయంతో స్వీడన్ దాటారు. కానీ టీచర్ల చుట్టూ దేశమంతా కట్టిన గోడ ఆ కుటుంబాల చుట్టూ అంత త్వరగా, అంత గట్టిగా లేవలేదు. టీచర్ల కథను గొప్పగా చెప్పుకునేవాళ్లం దీన్నీ చెప్పుకోవాలి.

1943లో హోయ్‌గార్డ్ స్వీడన్‌కు తప్పించుకోబోతూ పట్టుబడ్డాడు. ఓస్లోలో గెస్టపో కార్యాలయం విక్టోరియా టెరాస్ కిటికీలోంచి దూకి చనిపోయాడు, సహచరుల పేర్లు తన నోటి నుంచి రాకూడదని. వయసు ముప్ఫై ఆరు. 1945 మే 8న దేశం విముక్తమైంది. టెర్‌బోవెన్ ఆత్మహత్య చేసుకున్నాడు. క్విస్లింగ్‌ని అక్టోబరు 24న అకెర్స్‌హుస్ కోటలో కాల్చారు. ఈ టీచర్ల మీదికి దెబ్బ తెచ్చిన విద్యా మంత్రి రాగ్నార్ స్కాంకెకు 1948 ఆగస్టులో మరణశిక్ష అమలైంది. నార్వేలో మరణశిక్ష పొందిన చివరి మనిషి ఆయనే.

తర్వాతి దశాబ్దంలో జీన్ షార్ప్ అనే అమెరికన్ యువకుడు ఓస్లో చేరాడు. కొరియా యుద్ధానికి నిర్బంధ సైనికసేవ నిరాకరించి తన దేశంలో జైల్లో ఉండి వచ్చినవాడు. గాంధీజీ ఉద్యమాల మీద పుస్తకం రాసినవాడు. నార్వే తత్త్వవేత్త ఆర్నె నేస్ కూడా అప్పటికి గాంధీ రాజకీయ నీతి మీద రాసి ఉన్నాడు. షార్ప్ ఆ టీచర్లలో కొందర్ని కలిశాడు, 1942 గురించి అడిగాడు, చిన్న పుస్తకం రాశాడు. శాంతివాదం గురించి వాళ్లెవరూ పెద్దగా చదివినవాళ్లు కారు. యుద్ధం చివరి ఏళ్లలో ఆయుధం పట్టిన ప్రతిఘటన వైపు చేరినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. తాము అహింసా ఉద్యమం నడిపామని వాళ్లు ఆ నాడు అనుకోలేదు. తరగతి గదిని పార్టీకి ఇవ్వకూడదు, పిల్లల్ని ఇవ్వకూడదు అన్నదొక్కటే వారు తేల్చుకున్నది. యుద్ధం అయ్యాక వారిలో చాలామంది అవే ఊళ్లలో, అవే బడుల్లో రిటైరయ్యేదాకా పాఠాలు చెప్పారు.