బాలింత ఇంటికి వెళ్తున్నారా?

మా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తొలి కాన్పు పుట్టింటివాళ్ళ పూచీ. నెలలు నిండకముందే అమ్మాయిని తీసుకొచ్చి, పురుడు పోసి, మూడో నెలలోనో ఐదో నెలలోనో సారె పెట్టి సాగనంపుతారు. అన్నాళ్ళూ ఆమెకు పొయ్యి దగ్గర పని ఉండదు. అయితే ఆ విశ్రాంతి వెనక ఎందరో చేతులున్నాయి. కాన్పు మిరపకోతల్లో వచ్చిందనుకోండి, ఇంట్లో సగం మంది చేలోనో కల్లంలోనో ఉంటారు. అప్పుడు పక్కింటి పిన్ని వచ్చి నీళ్ళు కాస్తుంది. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తుంది. కోతకు వెళ్ళొచ్చినవాళ్ళు ఎంత ముద్దొచ్చినా సరే, ఒంటికంటిన ఘాటు పోయేలా స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకుంటారు.

అందరికీ ఇంత భాగ్యం లేదు. పత్తి తీతకు కూలికెళ్ళే తల్లి నెలల పిల్లను చెట్టుకు కట్టిన చీర ఉయ్యాల్లో పడుకోబెట్టి సాలులోకి దిగడం ఇప్పటికీ ఉంది. బాలింతకు సాయం ఎంత అవసరమో ఆమెను చూస్తే తెలుస్తుంది.

అమెరికాలో ఉన్న మీకు ఆ పక్కింటి పిన్ని లేదు. అక్కడి 1993 నాటి చట్టం 12 వారాల సెలవిస్తుంది గానీ జీతం ఇమ్మనదు; అది వర్తించని ఉద్యోగాలూ చాలానే. అమ్మకు వీసా రాకపోతే స్నేహితులే పుట్టిల్లు కావాలి.

"ఏమైనా కావాలా?" అని అడగకండి. "ఏం వద్దులే" అంటుంది. "రేపు మధ్యాహ్నం బీరకాయ కూర, కరివేపాకు కారం తెస్తున్నా. గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళనా, లోపలికి రానా?" అని అడగండి. మిరప పండే ఊళ్ళోనే బాలింత పథ్యంలో మిరపకాయ తగ్గిస్తారు. ధనియాలు, జీలకర్ర, కరివేపాకు వేయించి, రెండంటే రెండే ఎండుమిర్చి వేసి, వెల్లుల్లి రెబ్బలతో దంచితే చాలు. వేడన్నంలో నెయ్యి వేసుకుని మొదటి ముద్ద దానితోనే తింటుంది. లోపలికి రమ్మంటే ముందు చేతులు కడుక్కోండి, తర్వాత సింకులో గిన్నెలు కడగండి. ఆమె పడుకుంటానంటేనే బిడ్డను అందుకోండి. జలుబు చేసి ఉంటే అసలు వెళ్ళొద్దు.

పెద్దల మాటల్లో వదిలేయాల్సినవీ ఉన్నాయి. బాలింత మంచినీళ్ళు తక్కువ తాగాలనడం తప్పు. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ. బిడ్డ నాలుక మీద తేనె రాయడం ప్రమాదం. ఆరు నెలలదాకా తల్లిపాలే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డాక్టరు పోతపాలు పట్టమంటే దాని మీద వ్యాఖ్యానం వద్దు. "పాలు చాలట్లేదేమో" అన్న మాట మాత్రం మీ నోట రానివ్వకండి. అప్పటికే ఆ దిగులుతో ఆమెకు నిద్ర ఉండదు.

కాన్పయిన కొత్తలో ఊరికే కన్నీళ్ళు రావడం మామూలే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది జబ్బు, దానికి వైద్యముంది. అమెరికాలో తల్లుల మానసిక ఆరోగ్య సహాయవాణి 1-833-852-6262కు పగలైనా రాత్రయినా ఫోన్ చేయొచ్చు. తనను తాను ఏమైనా చేసుకుంటానన్నా, బిడ్డ గురించి భయం గొలిపే మాటలన్నా ఒంటరిగా వదలకండి, వెంటనే అత్యవసర సాయం పిలవండి.

ఎన్నిసార్లు వెళ్ళాలో తేల్చుకోలేకపోతే మన పల్లెల్లో ఆశా కార్యకర్తలు పాటించే లెక్క చూడండి. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వాళ్ళు ఇంటికి వెళ్తారు. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి ఇళ్ళకు పంపితే పసికందుల మరణాలు బాగా తగ్గాయి. దేశమంతా 2011లో మొదలైన ఈ ఇంటి సందర్శనలకు ఆ అనుభవమే ఆధారం. మన స్నేహితులమంతా బారసాల భోజనాలయ్యాక మాయమవుతాం. అప్పటికి భర్త సెలవు అయిపోతుంది, డబ్బాల్లో వంట రావడం ఆగిపోతుంది, రాత్రిళ్ళు బిడ్డ ఏడుపు పెరుగుతుంది. 42వ రోజును ఇప్పుడే ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి.