డాన్యూబ్‌ను దొంగిలిస్తున్న రైన్

జర్మనీలో ఎమ్మెస్ చదువుతున్న కుర్రాడి తండ్రి ఒకాయన ఉత్తరం రాశారు. కొడుకు ఉంటున్న ఫుర్ట్‌వాంగెన్‌లో డాన్యూబ్ తమ దగ్గరే పుట్టిందంటారట, పుస్తకాల్లోనేమో డోనావెషింగెన్ అని ఉందట. ఎవరిది నిజం అని ఆయన ప్రశ్న. జవాబు రెండు వాక్యాల్లో తేలిపోతుంది. కానీ ఆ రెండు ఊళ్లూ కొట్టుకుంటున్న నీళ్లు ఏడాదిలో చాలా రోజులు అసలు డాన్యూబ్‌లోనే ఉండవు. నన్ను పట్టుకున్నది ఆ సంగతి.

ముందు జవాబు. ఫుర్ట్‌వాంగెన్ పైన కొండల్లో బ్రెగ్ అనే ఏరు పుడుతుంది. అది డోనావెషింగెన్ దగ్గర బ్రిగాఖ్ అనే మరో ఏరుతో కలుస్తుంది. డాన్యూబ్ అనే పేరు మొదలయ్యేది ఆ సంగమం నుంచే. అత్యంత దూరపు ఊటే పుట్టుక అనుకుంటే ఫుర్ట్‌వాంగెన్, పేరు మొదలైన చోటే పుట్టుక అనుకుంటే డోనావెషింగెన్. అక్కణ్నుంచి నల్ల సముద్రం దాకా పది దేశాలు. జర్మన్లకు డోనావ్, స్లొవాక్‌లకు డునాయ్, హంగరీవాళ్లకు డునా, సెర్బులకూ బల్గేరియన్లకూ డునావ్. ప్రాచీనులు ఎగువ భాగాన్ని డానూబియస్ అనీ దిగువను ఇస్టర్ అనీ వేర్వేరు పేర్లతో పిలిచారు. భూగోళం పాఠం ఇంతటితో చాలు.

సంగమం దాటాక కొంత దూరంలో ఇమ్మెండింగెన్ అనే చిన్న ఊరుంది. అక్కడ నది నేలలోకి ఇంకిపోతుంది. పెద్ద బిలమేదో నోరు తెరుచుకుని ఉంటుందనుకోకండి. ఒడ్డు వెంబడి గులకరాళ్ల సందుల్లో నీళ్లు చిన్నచిన్న సుడులు తిరుగుతూ లోపలికి జారిపోతాయి. కొన్ని అడుగులు ముందుకెళ్తే ప్రవాహం సన్నబడుతుంది, ఇంకొంచెం పోతే ఎండిన రాళ్లే. వేసవిలో జనం నది నడిమధ్యన బూట్లు తడవకుండా నడుస్తారు. దిగువన టుట్లింగెన్ ఊళ్లో వంతెన కింద అప్పుడు కనిపించే డాన్యూబ్ నిజానికి క్రేయెన్‌బాఖ్, ఎల్టా అనే రెండు పిల్లవాగుల నీళ్లు.

ఇంకిన నది ఎటు పోతోంది? పన్నెండు కిలోమీటర్ల అవతల ఆఖ్ అనే ఊరి దగ్గర జర్మనీలోకెల్లా పెద్ద ఊట ఒకటి ఉబుకుతుంది. ఆ నీళ్లు డాన్యూబ్‌వేనని చాలాకాలంగా జనానికి అనుమానం. 1870లలో అనుమానం కాస్తా తగాదాగా ముదిరింది. డాన్యూబ్ దిగువన ఉన్న మిల్లుల వాళ్లు బిలాలు పూడ్చేస్తామన్నారు. పూడిస్తే తమ మిల్లులు ఆగిపోతాయని ఆఖ్ వైపువాళ్లు అడ్డం తిరిగారు. రుజువు కావాల్సి వచ్చింది. 1877లో కార్ల్స్‌రూహె ప్రొఫెసర్ అడాల్ఫ్ క్నోప్ ఇమ్మెండింగెన్ దగ్గర నదిలో షేల్ నూనె, ఇరవై టన్నుల ఉప్పు, పది కిలోల ఫ్లోరెసీన్ రంగు వేయించాడు. ఫ్లోరెసీన్ అప్పటికి ఆరేళ్ల వయసున్న కొత్త సరుకు. సుమారు అరవై గంటల తర్వాత ఆఖ్ ఊట ఆకుపచ్చగా మెరిసింది. నోట్లో పోసుకుంటే ఉప్పు, దాని వెనకే తారు వాసన. రంగు, రుచి, వాసన మూడూ ఒకే సాక్ష్యం చెప్పాయి. ఇంత సరదా ప్రయోగం విజ్ఞాన చరిత్రలో ఇంకొకటి ఉంటే నాకు చెప్పండి.

నేల ఎందుకు మింగుతోందన్నది అసలు కథ. అడుగున ఉన్నది జురాసిక్ కాలపు సున్నపురాయి. గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ కలుపుకున్న వాన నీరు పలచని ఆమ్లమవుతుంది. అది రాతి పగుళ్లలో దిగి రాయిని కరిగించుకుపోతుంది. వెంట్రుకంత పగులు వేల ఏళ్లకు సొరంగమవుతుంది. మన బొర్రా గుహల్లోనూ జరిగిన పని ఇదే. కానీ సున్నపురాయి ఉన్నచోటల్లా నదులు మాయం కావు. ఇక్కడ రెండో కారణం తోడైంది, అది వాలు. ఇమ్మెండింగెన్ సముద్రమట్టానికి దాదాపు 650 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తు దిగడానికి డాన్యూబ్ 2,700 కిలోమీటర్లకు పైగా నడవాలి. ఆఖ్ వైపు అయితే పన్నెండు కిలోమీటర్లలోనే 170 మీటర్లకు పైగా దిగిపోవచ్చు. పైగా రాతి పొరలు కూడా అటే వాలి ఉన్నాయి. ఆఖ్ నీళ్లు కాన్‌స్టన్స్ సరస్సులో పడి, రైన్‌లో కలిసి, ఉత్తర సముద్రానికి చేరతాయి. నిటారు వాలున్న నది మందకొడి నదిని మింగుతోందన్నమాట.

ఇది మొదటి దొంగతనం కూడా కాదు. ఒకప్పుడు బ్లాక్ ఫారెస్ట్‌లో ఎత్తైన ఫెల్డ్‌బెర్గ్ శిఖరం నీళ్లు తూర్పుగా పారి డాన్యూబ్‌లో కలిసేవి. హిమయుగం చివర్లో, సుమారు ఇరవై వేల ఏళ్ల కిందట, రైన్ ఉపనది వుటాఖ్ వెనక్కి వెనక్కి కోసుకుంటూ వచ్చి ఆ ప్రవాహాన్ని పట్టేసింది. బ్లుంబెర్గ్ దగ్గర తూర్పుకు పోతున్న నీరు మోచేయి వంచినట్టు ఒక్కసారిగా మళ్లిపోవడం పటంలో చూస్తే, దొంగ వేలిముద్ర దొరికినట్టే.

ఇక్కడ అరిస్టాటిల్ గుర్తొస్తాడు. ఇస్టర్ దారిలో రెండుగా చీలి ఒక పాయ ఏడ్రియాటిక్‌లోకి పోతుందని, ఒక జాతి చేపలు ఆ దారినే దిగుతాయని రాశాడు. ఏడ్రియాటిక్‌లో పడే పాయ ఏదీ లేదని తర్వాతివాళ్లు ఎత్తిపొడిచారు. నిజమే, లేదు. సముద్రం తప్పు, చేపలూ తప్పు. అయినా రెండు సముద్రాలకు పారే నది అన్న ఊహ మాత్రం ఆయన ఎన్నడూ చూడని చోట నిజమైంది. ఎగతాళి చేసినవాళ్లెవరూ ఇమ్మెండింగెన్‌లో నేల వైపు చూడలేదు.

తగాదా క్నోప్‌తో తీరలేదు. 1927లో జర్మన్ రాష్ట్రాలైన వూర్టెంబెర్గ్, ప్రష్యా ఒకవైపు, బాడెన్ ఒకవైపు జర్మనీ కోర్టుకెక్కాయి. నీరు తనంతట తాను ఇంకితే భరించాల్సిందే, ఏ రాష్ట్రమూ మనుషుల్ని పెట్టి ఆ ఇంకుడును పెంచకూడదు, తగ్గించకూడదు అన్నట్టుగా తేలింది. కృష్ణా నీళ్ల వాదనలు వింటూ పెరిగినవాళ్లకు ఆ తీర్పులో కొత్తేమీ కనిపించదు. బిలాలు మాత్రం కోర్టుల మాట వినడం లేదు. రాయి కరుగుతూనే ఉంది.

ఇదంతా దేనికి పనికొస్తుందని అడిగేవాళ్లు ఎలాగూ ఉంటారు. క్నోప్ నదిలో కలిపించిన రంగునే ఇవాళ కంటి డాక్టర్లు నరంలోకి ఎక్కించి, రెటీనా రక్తనాళాలను ఫొటో తీస్తున్నారు. భూగర్భ జలాలు ఎటు పోతున్నాయో తెలుసుకోవడానికీ అదే వాడుతున్నారు. నాకైతే నది మాయమవడమే చాలు.