పురుగులు తినే మొక్కలు తేనెటీగలనూ తింటాయా?

కీటకాహార మొక్కలు కూడా మిగతా మొక్కల్లాగే ఎండ, గాలి, నీటితో తమ ఆహారాన్ని తామే తయారు చేసుకుంటాయి. అవి పెరిగే తడి నేలల్లో, నిలవ నీళ్లలో నత్రజని, భాస్వరం తక్కువ. ఆ లోటు తీర్చుకోవడానికే పురుగులను పడతాయి. ఇవి పురుగులను పట్టి జీర్ణించుకుంటాయని ప్రయోగాలతో రుజువు చేస్తూ చార్లెస్ డార్విన్ 1875లో ఒక పుస్తకమే రాశాడు.

వీటిలో డ్రోసిరా, యుట్రిక్యులేరియా జాతులు తెలంగాణలోనూ ఉన్నాయి. బతుకమ్మ నాళ్లలో తంగేడు, గునుగు కోసం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల జనం తిరిగే గట్ల పక్కనున్న కుంటలు, చెరువుల వంటివే యుట్రిక్యులేరియాకు అనువైన తావులు.

డ్రోసిరాల్లో ఒకటైన డ్రోసిరా బర్మనీ నేలకు అంటుకుని, రూపాయి బిళ్లంత గుండ్రంగా పరుచుకుంటుంది. ఎర్రబారిన ఆకుల మీది వెంట్రుకల కొసన జిగురు బొట్లు మెరుస్తుంటాయి. చీమో దోమో వాలితే అతుక్కుపోతుంది. అంచు వెంట్రుకలు క్షణాల్లో లోపలికి వంగి దాన్ని ఆకు నడుమకు నెడతాయి. ఆకు నుంచి ఊరే రసాలు మెత్తని భాగాలను కరిగిస్తాయి, పైపెంకు మిగులుతుంది. చెరువుల్లో పెరిగే యుట్రిక్యులేరియా వల నీళ్లలో ఉంటుంది. కొన్ని మిల్లీమీటర్లు దాటని తిత్తుల మూతిని నీటిపురుగు తాకగానే తలుపు తెరుచుకుని, సెకనులో వెయ్యో వంతు లోపే దాన్ని నీటితో సహా లోపలికి పీల్చేస్తుంది.

పూలంటే ఇష్టపడేవారికి కలిగే అసలు బెరుకు తేనెటీగల గురించి. పూలకు వచ్చిన చుట్టాన్నే మొక్క మింగేస్తే విత్తనం పడేదెలా? అందుకే చాలా కీటకాహార మొక్కల్లో పువ్వు, వల దూరదూరంగా ఉంటాయి. డ్రోసిరా బర్మనీ ఆకులు నేల మీద ఉంటే, తెల్లని పూలు సన్నని కాడ చివర పూస్తాయి. యుట్రిక్యులేరియా తిత్తులు నీటి అడుగున ఉంటే, పూలు నీటిపైకి తేలుతాయి. అమెరికాలోని కరోలినాల్లో పెరిగే వీనస్ ఫ్లైట్రాప్ అనే కీటకాహార మొక్కపై 2018లో వెలువడిన పరిశోధనలోనూ ఇదే తేలింది. దాని పూలకు పరాగసంపర్కం చేసే తేనెటీగలు, పెంకుపురుగులు ఆకుల వలలో దాదాపు చిక్కలేదు. చిక్కినవాటిలో ఎక్కువ సాలీళ్లు, చీమలే.

ఇలాంటి మొక్కను ఇంట్లో పెంచాలనుకుంటే, నర్సరీలో కొన్న వీనస్ ఫ్లైట్రాప్‌కు లవణాలున్న బోరు నీళ్లు పోయకూడదు, వాన నీళ్లే మేలు. ఎరువు, మాంసం ముక్కలు వేయకూడదు. కుంటల్లో, గట్ల మీద కనిపించిన కీటకాహార మొక్కలను పీకి తేకూడదు. ఎరువు కలిపిన కుండీ మట్టిలో అవి బతకవు.